మంచి కంటికి కట్టు

మా మనవరాలి కూతురికి ఐదేళ్ళు. నెల రోజులుగా దాని కళ్ళజోడులో ఒక అద్దం వెనక బిళ్ళ అంటిస్తున్నారు. బిళ్ళ మీద సీతాకోకచిలుక బొమ్మ ఉంటుంది. అది అంటించిన రెండు గంటలూ పిల్ల ఇల్లు పీకి పందిరేస్తుంది. మొన్న వాళ్ళమ్మ స్నానానికి వెళ్ళగానే నా మంచం దగ్గరకు వచ్చి, గొంతు బాగా తగ్గించి, "తాతమ్మా, జరసేపు తీస్తనే. అమ్మకు చెప్పకు" అంది.

నేనెప్పుడూ పిల్లల పక్షమే. చక్కెర డబ్బా ఖాళీ చేసినా, బడి ఎగ్గొట్టినా నా కొంగు చాటునే దాక్కుంటారు. అలాంటి నేను దాని చెయ్యి లాగి పట్టుకుని, వీధిలోకి వినిపించేంత గట్టిగా అరిచాను. పిల్ల బిత్తరపోయింది. వాళ్ళమ్మ తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి, "ఏమైందమ్మమ్మా, గింత చిన్నదాని మీద గంత కోపమా?" అంది. ఆ కోపం ఆ పిల్ల మీద కాదు. దాదాపు ఎనభై ఏళ్ళ కిందట, పదేళ్ళ వయసున్న ఇంకో పిల్ల మీద.

మేమప్పుడు వరంగల్లో, కాశిబుగ్గలో ఉండేవాళ్ళం. మా వాడంతా నేతపని వాళ్ళదే. తెల్లవారేసరికి వీధి పొడుగునా పడుగు సాచి, దారాలకు గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వేవాళ్ళు. ఆ పుల్లటి గంజి వాసనే మా వాడ వాసన. ఇప్పటి కుక్కర్ల కాలంలో గంజే లేదు, ఇక వాసన ఎక్కడిది? ఎండెక్కకముందే పడుగు ఆరాలి కాబట్టి పొద్దున్నే ఎవరూ ఎవరితో తిన్నగా మాట్లాడేవాళ్ళు కాదు. అన్నీ కసుర్లే. పడుగు కింది నుంచి దూరి అవతలికి పోవడం పిల్లలకు ఆట. తల తగిలి ఒక్క పోగు తెగిందా, ఆ తిట్లు ఏడు తరాలను లేపేవి.

మా బాపుది, అంటే మా నాన్నది, గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునేవాడు కాబట్టి, నేను నిలబడితే ఆయన ముఖం సరిగ్గా నా ముఖానికి ఎదురుగా ఉండేది. నాకు తెలిసిన బాపు ఎప్పుడూ నా అంత ఎత్తే. మా వైపు అవ్వంటే అమ్మ. ఆమె గంజి కాచేది, వండేది, మధ్యలో దారం తోడేది. నేనూ మా చెల్లే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్ళం. బాపు పడుగు మధ్య అటూ ఇటూ ఆడించే నాడెలో పెట్టే దారపు కండెలవి. అవి అయిపోతే మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగిందంటే బాపు గుంతలోంచే ఒక కేక వేసేవాడు. పగటి తిండికి జొన్నగటక, పచ్చిపులుసు. నేను పచ్చిపులుసులోని ఉల్లిగడ్డ ముక్కలన్నీ ఏరుకుని తినేస్తే, చెల్లె తన గిన్నెలో వెతుక్కుంటూ ఉండేది.

మా నాయనమ్మను బాపమ్మ అనేవాళ్ళం. వాడకంతా ఆమే కంటి వైద్యురాలు. కండ్లకలక వస్తే పచ్చి బాలింత ఇంటికి పంపి రెండు చనుబాల చుక్కలు వేయించేది. కంటికురుపు లేస్తే అరచేతిలో వేలు రుద్ది, ఆ వెచ్చదనం దాని మీద అద్దేది. చీకటి పడగానే చూపు ఆనని పిల్లలకు మేక కార్జం నిప్పుల మీద కాల్చి తినిపించేది. కొన్ని నిజంగానే పనిచేసేవి. కొన్నిసార్లు కళ్ళు వాటంతట అవే బాగయ్యేవి. పేరు మాత్రం ఎప్పుడూ బాపమ్మదే.

మా చెల్లె ఎడమ కన్ను పుట్టినప్పటి నుంచి కొద్దిగా ముక్కు వైపు తిరిగి ఉండేది. దానికి మాత్రం బాపమ్మ ఏ మందూ వేయలేదు. "మెల్లకన్ను పిల్ల ఇంట్ల ఉంటె లచ్చిమి ఉన్నట్టే" అనేది. వాడలో ఎవరి మగ్గానికి కొత్త పడుగు ఎక్కినా మా చెల్లెను పిలిచి, దాని చేత మొదటి పోగు వేయించేవాళ్ళు. అది నాడెను రెండు చేతులా పట్టుకుని తోసేది. వాళ్ళు దానికి బెల్లంముక్కో, పుట్నాలో పెట్టేవాళ్ళు. నా కళ్ళు రెండూ తిన్నగా ఉన్నందుకు నన్ను ఎవరూ పిలవలేదు. ఆ కుళ్ళు నాకు లేదని చెబితే అబద్ధమవుతుంది.

ఒక రోజు చెల్లె కుడి కంట్లో దూది నలుసు పడింది. ఆ కన్ను గట్టిగా మూసుకుని, నలుపుకుంటూ బాపు దగ్గరకు పరుగెత్తింది. నడిమింట్లో ఉన్న గుంజ దానికి కనిపించలేదు. నుదురు పగిలేలా కొట్టుకుంది. బాపు గుంతలోంచి లేచి వచ్చాడు. నలుసు తీశాడు. అందరూ గాయం చూస్తున్నారు, ఆయన ఏదో ఆలోచిస్తున్నాడు. తర్వాత దాని కుడి కన్ను తన చేత్తో మూసి, ఎదురుగా వేళ్ళు చూపించి, "ఎన్ని బిడ్డా?" అన్నాడు. అది "ఏమో బాపూ, పొగ కొట్టినట్టున్నది" అంది. ఆ పూట మగ్గం మళ్ళీ కదల్లేదు.

మర్నాడు జట్కా కట్టించుకుని హన్మకొండలో ఒక దవాఖానకు పోయాం. అవ్వకు నెలలు నిండుతుండటంతో ఆమె రాలేదు, చెల్లెను పట్టుకోవడానికి నన్ను తీసుకెళ్ళారు. బాపు పెళ్ళిళ్ళకు కట్టే రుమాలు తలకు చుట్టాడు. అవ్వ సర్వపిండి మూట కట్టి ఇచ్చింది. దాని నూనె, నువ్వుల వాసనా, కింద పరిచిన పచ్చిగడ్డి వాసనా కలిసి జట్కా అంతా నిండిపోయాయి. దవాఖాన చేరేలోపలే సగం మూట నేను ఖాళీ చేశాను.

డాక్టర్ సాబ్ నెరిసిన గడ్డం మనిషి. తురకం, తెలుగు కలిపి నెమ్మదిగా మాట్లాడేవాడు. చెల్లెను బల్ల మీద కూర్చోబెట్టి కలం మూత పైకి, కిందికి, పక్కలకు తిప్పాడు. దాని కళ్ళు మూత వెంట పోయాయి. తర్వాత దాని కుడి కంటికి తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు జరిగింది నేను దగ్గర నుంచి చూశాను. ముక్కు మూలన నక్కిన ఎడమ కన్ను మెల్లగా కదిలి, బయటికి వచ్చి, నడిమధ్యన నిలబడి కలం మూతను చూసింది. బాపు "అబ్బ!" అన్నాడు. డాక్టర్ చెయ్యి తీయగానే అది మళ్ళీ జారి మూలకు పోయింది.

"చూసినవా భాయ్? ఈ కన్ను గుడ్డిది కాదు. సుస్తిగ కూసున్నది. మంచి కన్ను పనంత చేస్తాంది, దీనికి పని లేదు. మంచిదాన్ని మూసి పెడితె ఇది చూడక తప్పది" అన్నాడు డాక్టర్. కనుగుడ్డు చుట్టూ ఆరు తాళ్ళ లాంటివి ఉంటాయని, అవి పైకీ కిందికీ అటూ ఇటూ గుంజుతాయని, రెండు కళ్ళవీ ఒక్కతీరుగా గుంజితేనే రెండు కళ్ళూ ఒకచోట చూస్తాయని చెప్పాడు. బాపు ముఖం విప్పారింది. "మగ్గం తీరే సాబ్! ఒక దిక్కు తాడు బిగువైతె బట్ట వంకరొస్తది." డాక్టర్ గట్టిగా నవ్వి, బాపు భుజం తట్టాడు. బాపు ఇంటికి వచ్చేదాకా ఆ భుజాన్ని అప్పుడప్పుడు తడుముకుంటూనే ఉన్నాడు.

చెప్పిన మందు ఇంతే. పొద్దున లేచినప్పటి నుంచి దీపం పెట్టేదాకా మంచి కంటికి నల్లగుడ్డ కట్టాలి. చెడ్డ కంటితో చిన్న చిన్న పనులు చేయించాలి. బియ్యంలో రాళ్ళు ఏరాలి, కండెలు చుట్టాలి. నెలకోసారి తెచ్చి చూపించాలి.

"ఎన్నొద్దులు సాబ్?" అన్నాడు బాపు.

"ఆరు నెలలు. ఏడాది కూడ కావచ్చు. గని ఇప్పుడే కావాలె. పిల్లకు ఆరో ఏడు నడుస్తాంది. ఏడెనిమిదేండ్లు దాటితె ఈ కన్ను ఇగ ఎవ్వల మాట ఇనది." తర్వాత నా వైపు తిరిగాడు. "మీ నాయిన మగ్గం కాడ ఉంటడు. పెద్ద బిడ్డవు నువ్వే. ఈ కట్టు నీ జిమ్మేదారి. సమజయ్యిందా బేటీ?"

సమజయ్యింది. ఆ గదిలో ఆ మాట నాకు అర్థమైనంతగా ఎవరికీ అర్థం కాలేదు. నేనిప్పుడు ఏ సాకూ చెప్పుకోలేకపోవడానికి కారణం అదే.

ఇంటికి రాగానే బాపమ్మ పెద్ద గొడవ చేసింది. "కాలు ఇరిగితె ఇరిగిన కాలుకు కట్టు కడ్తరు గని మంచి కాలుకు కడ్తర్రా? గా సాబుకు మతి లేదు, నీకు లేదు. ఉన్న ఒక్క కన్ను మూస్తవా?" బాపు జీవితంలో మొదటిసారి తల్లికి ఎదురు చెప్పాడు. "మూస్త. జర ఊకో అవ్వా" అని గుంతలోకి దిగిపోయాడు.

మొదటి పదిహేను రోజులు నేను బుద్ధిగానే ఉన్నాను. పొద్దున్నే దూది పెట్టి, నల్లగుడ్డ కట్టి, వెనక ముడి వేసేదాన్ని. చెల్లె ఏడ్చేది. గడప తన్నుకుని పడేది. దాని చేతిలో దారం తెగేది, తెగిన కొస దొరికేది కాదు. తడుముతూ, వంగి, ముక్కు రాట్నానికి ఆనించి వెతికేది. అయినా డాక్టర్ చెప్పినట్టు పని చేస్తూనే ఉండేది, పాపం. పది కండెలు చుట్టేచోట రెండు చుట్టేది. మిగతా ఎనిమిది నా మెడకే చుట్టుకునేవి. పైగా నా కొంగు పట్టుకుని వదిలేది కాదు. దొడ్డికి పోయినా వెంట రావాలి. వాడ పిల్లలు "ఒంటికన్ను, ఒంటికన్ను" అని వెంటపడితే రాళ్ళు విసరడం కూడా నా వంతే అయింది.

అప్పుడు బతుకమ్మ పండుగ వచ్చింది. మా వాడ ఆడపిల్లలంతా గంపలు పట్టుకుని ఊరి బయటి చెల్కలకు పువ్వుకు పోయేవాళ్ళు. తంగేడు, గునుగు, గట్ల మీద కట్ల పువ్వు. ఎవరి గంప నిండితే వాళ్ళదే గొప్ప. మొదటి రోజు నేను పోలేదు. కండెలు కాలేదు. రెండో రోజు చెల్లెను లాక్కుని పోయాను. అది ముళ్ళలో పడింది. గంపలో నాలుగు రెమ్మలతో అందరికన్నా వెనక ఇంటికి వచ్చాను. నేస్తులు నవ్వారు. మూడో రోజు పొద్దున దానికి కట్టు కట్టడానికి కూర్చుని, నల్లగుడ్డను కుడి కంటి మీద కాకుండా ఎడమ కంటి మీద పెట్టి ముడి వేశాను.

అంత తేలిక. చేతి పని ఒకటే, గుడ్డ ఒకటే. చెల్లె ఒక్కసారి కన్ను ఆర్పింది. తర్వాత పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. "అక్కా, మంచిగ కనవడ్తాంది" అంది. "బాపుకు చెప్తివా, మళ్ళ గా కంటికే కడ్తడు" అన్నాను. అది నోటి మీద వేలేసుకుంది.

ఆ రోజు కండెలు గబగబా అయిపోయాయి. మా గంప నిండిపోయింది. చెల్లె నాకన్నా ముందు పరుగెత్తింది. పండుగ తొమ్మిది రోజులు అలాగే గడవనిచ్చి, తర్వాత సరిగ్గా కడదామనుకున్నాను. ఒట్టు, నిజంగానే అనుకున్నాను. పండుగ పోయాక ఒక రోజు సరిగ్గా కట్టాను కూడా. అది ఏడ్చింది, దారం తెగింది, నాకు విసుగొచ్చింది. మధ్యాహ్నానికి మళ్ళీ మార్చేశాను. ఆ తర్వాత కుడి కంటికి కట్టలేదు.

బాపమ్మ చూసింది. "ఇప్పుడు సక్కగ కట్టినవ్. ఎవలన్న తెలివి చెప్పిన్రా?" అని నా తల నిమిరింది. అవ్వ ఒకసారి చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి అనుమానంగా చూసి, "ఈ కన్ను కాదు గదనే?" అంది. "డాక్టర్ సాబే మల్ల మార్చి కట్టుమన్నడు" అన్నాను. ఆమె దవాఖానకు రాలేదు కాబట్టి నమ్మింది. మేం కండెలు చుట్టేది వసారాలో; లోపల బాపుకు అందించేది నేనే, ఆయన పగటి తిండి కూడా గుంత దగ్గరే. బాపు లోపలి నుంచి రోజుకు పదిసార్లు అడిగేవాడు.

"కట్టు ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది బాపూ."

ఉన్నదన్న మాట నిజమే. ఆయన గుంతలోంచి లేచి వచ్చేసరికి దీపం పెట్టే వేళయ్యేది. అప్పటికి కట్టు విప్పి దండెం మీద వేసేదాన్ని.

నెలనెలా దవాఖానకు పోయే రోజు మాత్రం బాపు కళ్ళెదుటే కుడి కంటికి శ్రద్ధగా కట్టేదాన్ని. రెండోసారి పోయినప్పుడు డాక్టర్ మళ్ళీ అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమ కన్ను వచ్చింది గానీ మధ్యన నిలవలేదు. కలం మూత కోసం వెతికి, వణికి, మళ్ళీ జారింది. ఆయన గడ్డం గోక్కున్నాడు. "రోజు కడ్తున్నరా?" బాపు గర్వంగా నన్ను చూపించాడు. "నా పెద్ద బిడ్డ గడియ కూడ ఇడిసిపెడ్తలేదు సాబ్." డాక్టర్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అప్పుడైనా చెప్పి ఉంటే ఇంకా టైముండేది. చెబితే బాపు కొడతాడని కాదు. ఆయన ఎప్పుడూ కొట్టలేదు. ఆ గర్వం పోతుందని చెప్పలేదు.

ఆరో నెలలో డాక్టర్ తనే కట్టు విప్పి బల్ల మీద పెట్టాడు. "ఇది మొండి కన్ను భాయ్. కొన్ని కండ్లు గంతే. ఇగ పిల్లను సతాయించుడు వద్దు" అన్నాడు. ఆయన గొంతులో సిగ్గులాంటిది వినిపించింది, తనే తప్పు చెప్పానేమో అన్నట్టు. బాపు సంచిలోంచి ఒక తువ్వాల తీశాడు. చెల్లె కన్ను బాగైతే డాక్టర్‌కు ఇవ్వాలని, రోజు నేతపని అయ్యాక మిగిలిన పొద్దులో తనే నేసిన తువ్వాల. అంచుకు ఎర్ర గీతలు. రెండు చేతులతో ఆయన ముందు పెట్టి, "మీ కష్టం మీరు పడ్డరు సాబ్. మా నసీబు" అన్నాడు. డాక్టర్ వద్దన్నాడు. బాపు వినలేదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఇంటికి వచ్చేటప్పుడు జట్కాలో చెల్లె ఒక్కతే సంబరంగా వేలితో గుర్రం తోకను చూపిస్తూ పాడుకుంటోంది.

బాపమ్మ ఆ రాత్రి దానికి దిష్టి తీసింది. లచ్చిమి ఇంట్లోనే నిలిచింది కదా.

ఆ తర్వాత మా చెల్లె బతుకు ఆగిపోలేదు. పెరిగింది, పెళ్ళయింది, పిల్లల్ని కంది. ఎవరిని చూసి మాట్లాడుతోందో తెలియక చుట్టాలు తికమకపడితే, "ఇద్దరిని ఒక్కసారి తిడ్తాన్న, పంచుకోండ్రి" అని తనే నవ్వించేది. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం నా దగ్గరకే వచ్చేది. ఆమె వచ్చిన ప్రతిసారీ నేను ఎక్కించి ఇచ్చాను. నా ప్రాయశ్చిత్తం అంతటితో సరిపోతుందని అనుకున్నాను కాబోలు.

డెబ్బై దాటాక ఆమె కుడి కంటికి నీటికాసులు వచ్చాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు, చూపు అంచుల నుంచి మెల్లగా తినేసింది. కనుక్కునేసరికి చెయ్యి దాటిపోయింది. నేనే ఆటోలో తీసుకెళ్ళాను. చిన్న వయసు డాక్టరమ్మ రెండు కళ్ళూ చూసి, "ఎడమ కన్ను లోపల మంచిగనే ఉందమ్మా. చిన్నప్పుడు కట్టు కట్టించి ఉంటే ఇప్పుడు ఇది పనికొచ్చేది. మీ వాళ్ళు చూపించలేదా?" అంది. మా చెల్లె, "చూపిచ్చిన్రు బిడ్డా. మా బాపు శాన తిప్పలు వడ్డడు" అంది. నేను పక్కనే ఉన్నాను.

ఏడాది తిరిగేసరికి ఆమెకు వెలుతురు తప్ప ఏమీ తెలియకుండా పోయింది. అప్పుడు నిశ్చయించుకున్నాను. ఎవరు ముందు పోతామో తెలియదు, చెప్పేసి కాళ్ళు పట్టుకోవాలి. ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు పనికి పోయింది. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నా అడుగుల చప్పుడుకే "అక్కా" అంది. పక్కన కూర్చున్నాను. దారిలో కూడబలుక్కున్న మాటలు నోట్లో ఉన్నాయి. "చెల్లె, చిన్నప్పుడు గా కట్టు..." అన్నాను.

"నాకు యాదికున్నది" అంది ఆమె వెంటనే. నా చెయ్యి వెతికి పట్టుకుంది. "అందరు ఓపిక వట్టు, ఓపిక వట్టు అని నా కన్ను మూసిన్రు. బాపు సుత మూసిండు. నువ్వొక్కదానివే ఇప్పినవ్. గుడ్డ ఇటు జరపంగనె మొదలు నీ మొఖం కనవడ్డది. ముక్కుపుల్ల కాడ చెమట సుత కనవడ్డది. ఇప్పుడు చీకట్ల కూసుంటె నాకు గదే మొఖం కనవడ్తదక్కా. నీ అసొంటి అక్క ఎవలకున్నది?"

నేను చెప్పలేదు. రెండోసారి కూడా చెప్పలేదు. పదేళ్ళప్పుడు చెప్పకపోవడానికి పిల్లతనమని పేరు పెట్టుకోవచ్చు. ఈసారి దానికి ఏ పేరూ దొరకలేదు. చీకట్లో ఆమెకు మిగిలింది ఆ ఒక్క ముఖమే. అది కూడా తీసేసుకోనా? లేక ఆ మెప్పు నాకే కావాలనిపించిందా? ఆమె పోయి తొమ్మిదేళ్ళయినా నాకు తెలియడం లేదు.

"అన్నం తిన్నవా?" అన్నాను.

లేదంది. లేచి గిన్నెలో అన్నం, పప్పు కలిపి తెచ్చాను. ముద్ద చేసి ఆమె ముఖం దగ్గరకు తీసుకెళ్ళాను. అది ఏ పక్క నుంచి వస్తుందో తెలియక, మా చెల్లె నోరు తెరుచుకుని, కదలకుండా ఎదురుచూసింది. పెట్టాను. నమిలి మింగి మళ్ళీ నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నా కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవలసిన అవసరం ఆ ఇంట్లో ఇక లేదు.